డాక్టర్ బాబు అసలు పేరేంటి? పాత్రే నటుడి పేరైపోతే లాభమా, నష్టమా?

సీతమ్మధార (విశాఖపట్నం): సాయంత్రం పూట సీతమ్మధార రైతుబజార్‌కు వెళ్లినా, అపార్ట్‌మెంట్ కింద బెంచీ మీద కూర్చున్నా సీరియల్ ముచ్చట వినిపిస్తూనే ఉంటుంది. ‘ఆ డాక్టర్ బాబుకి బుద్ధి లేదు’ అని ఒకరంటే, ‘పాపం, ఆయనేం చేస్తాడు, డైరెక్టర్ చెప్పింది చేస్తాడు’ అని ఇంకొకరు అంటారు. సరిగ్గా ఇక్కడే అసలు ప్రశ్న మొదలవుతుంది. మనం తిట్టేది ఎవర్ని? పాత్రనా, నటుడినా? మనకు నచ్చిన మంచితనం ఎవరిది?

తెలుగు టీవీలో ఈ ప్రశ్నకు పెద్ద ఉదాహరణ కార్తీకదీపం. ఆ సీరియల్‌తో పాటు అంతకు ముందూ తర్వాతా జరిగిన కొన్ని సంగతులు చూద్దాం.

ముందు ఒక లోకల్ మాట. తెలుగు ఇళ్లలోకి డైలీ సీరియల్ రావడానికి ఈ ప్రాంతంతో ఓ చుట్టరికం ఉంది. సీతమ్మధార పక్కనే ఉన్న నక్కవానిపాలెంలో 1974 ఆగస్టు 10న ఈనాడు పత్రిక మొదలైంది. అదే సంస్థ నుంచి 1995 ఆగస్టులో ఈటీవీ వచ్చింది. అదే ఏడాది జెమినీ టీవీ కూడా మొదలైంది. ఆ తర్వాత తెలుగు ఇంట్లో సాయంత్రం అంటే సీరియల్ టైమే.

ఎవరీ డాక్టర్ బాబు?

కార్తీకదీపం స్టార్ మాలో 2017 అక్టోబర్ 16న మొదలై, 2023 జనవరి 23న ముగిసింది. డాక్టర్ కార్తీక్‌గా నిరుపమ్ పరిటాల, దీపగా ప్రేమి విశ్వనాథ్ నటించారు. దీప వంటలు చేసి పిల్లల్ని పోషించుకుంటుంది కాబట్టి వంటలక్క అయింది. కార్తీక్‌ను దీప ‘డాక్టర్ బాబు’ అని పిలుస్తుంది. ఆ రెండు పిలుపులూ తెర దాటి ఊళ్లోకి వచ్చేశాయి.

నిజానికి నిరుపమ్ డాక్టర్ కాదు. రచయిత, నటుడు ఓంకార్ కొడుకు. కార్తీకదీపం కంటే చాలా ముందే చంద్రముఖి సీరియల్‌తో పేరు తెచ్చుకున్నారు. ఆ సీరియల్‌లో తనతో నటించిన మంజులనే పెళ్లి చేసుకున్నారు. అంటే డాక్టర్ బాబు కాకముందే ఆయన బుల్లితెర హీరో. కానీ ఇప్పుడు ‘నిరుపమ్’ అంటే ఒక్క క్షణం ఆలోచించేవాళ్లు కూడా ‘డాక్టర్ బాబు’ అనగానే టక్కున గుర్తుపడతారు.

డీఎన్ఏ టెస్ట్ గొడవ గుర్తుందా?

కథలో కార్తీక్ తన భార్యను అనుమానిస్తాడు. తనకు పిల్లలు పుట్టరని నమ్మి, దీప కడుపులోని బిడ్డలు తనవాళ్లు కాదంటాడు. ఆ అపార్థం ఏళ్ల తరబడి సాగింది. దాంతో ప్రేక్షకులకు ఒళ్లు మండిపోయింది. ‘డాక్టర్ అయ్యుండి ఒక్క డీఎన్ఏ టెస్ట్ చేయించుకోలేడా?’ అన్న మాట ఊరూరా పెద్ద జోక్ అయిపోయింది. మీమ్స్ వచ్చాయి, వీడియోలు వచ్చాయి.

ఇక్కడ ఫ్యాన్స్ రెండు వర్గాలయ్యారు.

మొదటి వర్గం మాట: ‘ఆ కోపం, ఆ మొండితనం అంత సహజంగా ఎలా వస్తాయి? లోపల ఎంతో కొంత ఉంటేనే కదా!’

రెండో వర్గం మాట: ‘లోపల లేనిది చూపించడమే నటన. ఉన్నదే చూపిస్తే అందులో గొప్పేముంది?’

రెండింటిలోనూ కొంత నిజం ఉంది. నటుడు తన ముఖం, నడక, చూపు, మాట విరుపు పాత్రకు ఇస్తాడు. అవి అతనివే. కానీ భార్యను అనుమానించాలన్న నిర్ణయం అతనిది కాదు. టెస్ట్ చేయించుకోకుండా ఏళ్లు గడపాలన్నదీ అతని నిర్ణయం కాదు. టెస్ట్ చేయిస్తే కథ ఆ వారమే అయిపోతుంది! అది కథ రాసేవాళ్ల లెక్క. తిట్లు మాత్రం తెర మీద కనిపించే మనిషికి తగిలాయి.

అదే సమయంలో, 2020లో, నిరుపమ్ జీ తెలుగులో హిట్లర్ గారి పెళ్లాం సీరియల్‌లోనూ హీరోగా చేశారు. అంటే ఒకే మనిషి ఒక చానల్‌లో డాక్టర్ బాబు, ఇంకో చానల్‌లో పూర్తిగా వేరే మనిషి. పాత్రే నటుడి స్వభావం అనుకుంటే ఈ ఇద్దరిలో ఆయన ఎవరు?

రంగు మేకప్‌ది, గొంతు ఇంకొకరిది

వంటలక్క విషయం ఇంకా ఆసక్తికరం. ప్రేమి విశ్వనాథ్ మలయాళీ. కార్తీకదీపానికి మూలమైన మలయాళ సీరియల్ కరుతముత్తులో కూడా మొదట ఆ పాత్ర చేసింది ఆమే. తర్వాత అక్కడ ఆ పాత్రలోకి వేరే నటి వచ్చారు. తెలుగులో మాత్రం ప్రేమి చివరిదాకా ఉన్నారు.

కథంతా ఒంటి రంగు చుట్టూ తిరుగుతుంది. నల్లగా ఉందని అవమానపడే అమ్మాయి దీప. ఆ పాత్ర కోసం ప్రేమికి రంగు తగ్గించి మేకప్ వేశారు. బయట ఫొటోల్లో ఆమెను చూసి ‘అరె, ఈవిడ వంటలక్కేనా?’ అని ఆశ్చర్యపోయినవాళ్లు ఎందరో. ఇక్కడ ఫ్యాన్స్ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. నల్లటి అమ్మాయి బాధ చెప్పే కథకు నిజంగా ఆ రంగున్న నటినే తీసుకోవచ్చు కదా? ఇది ప్రేమిని అడగాల్సింది కాదు, సీరియల్స్ తీసేవాళ్లను అడగాల్సింది.

ఇంకో సంగతి. కర్ణాటక, కేరళ నుంచి వచ్చే నటీనటులకు తెలుగు సీరియల్స్‌లో చాలాసార్లు డబ్బింగ్ కళాకారులే గొంతు ఇస్తారు. మనకు కన్నీళ్లు తెప్పించిన ఆ గొంతు ముఖంతో పాటు వచ్చింది కాకపోవచ్చు. అంటే ఒక పాత్రను తయారుచేసేది ఒక్కరు కాదు. రాసేవాళ్లు, చూపించేవాళ్లు, నటించేవాళ్లు, గొంతు ఇచ్చేవాళ్లు, అందరూ కలిస్తేనే ఒక వంటలక్క.

నటుడి పేరే పాత్రకు పెట్టేశారు

2022లో కార్తీకదీపం కథను కొన్నేళ్లు ముందుకు జరిపారు. దీప, కార్తీక్ యాక్సిడెంట్‌లో చనిపోయినట్టు చూపించి, పిల్లలు పెద్దవాళ్లయ్యాక జరిగే కథ నడిపారు. కొత్త తరంలో మానస్ నాగులపల్లి చేసిన డాక్టర్ పాత్ర పేరేంటో తెలుసా? నిరుపమ్! అంతవరకు పాత్ర పేరు నటుడికి అంటుకుంది. ఇక్కడ నటుడి పేరు పాత్రకు అంటుకుంది.

అయినా చూసేవాళ్లకు పాతవాళ్లే కావాలి. కొన్ని నెలలకే దీప, కార్తీక్‌లను తిరిగి తీసుకొచ్చారు. సీరియల్ ముగిశాక కూడా వదల్లేదు. 2024 మార్చి 25న కార్తీకదీపం: ఇది నవ వసంతం మొదలైంది. అవే పేర్లు, అవే ముఖాలు, కానీ కథ వేరు. ఇందులో కార్తీక్ డాక్టర్ కాదు. అయినా చాలామంది నోట ఇంకా ‘డాక్టర్ బాబు’ అనే వస్తుంది.

ఇది మనకు కొత్తేం కాదు

తెలుగువాళ్లకు ఇది పాత అలవాటే. సినిమా పేరు నటుడి ఇంటిపేరైపోవడం మనకు మామూలు. షావుకారు జానకి, సాక్షి రంగారావు, శుభలేఖ సుధాకర్... వీళ్ల అసలు ఇంటిపేర్లు ఎంతమందికి తెలుసు?

నాటకాల కాలంలోనూ అంతే. ఉత్తరాంధ్రలో శ్రీకృష్ణుడు అనగానే పెద్దలు పీసపాటి నరసింహమూర్తిని తలుచుకునేవారు. 1980లో శంకరాభరణం వచ్చాక జె.వి.సోమయాజులు అందరికీ శంకరశాస్త్రి అయిపోయారు. ఆయన ఉత్తరాంధ్ర మనిషి, ప్రభుత్వంలో డిప్యూటీ కలెక్టర్, కన్యాశుల్కం ఆడిన నాటక కళాకారుడు. శంకరశాస్త్రి పాటల్లో వినిపించే గొంతు మాత్రం ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంది. జనం మాత్రం ఆయనలో సంగీత విద్వాంసుడినే చూశారు.

హిందీలోనూ ఇదే కథ. 1987 జనవరి 25న దూరదర్శన్‌లో రామాయణం మొదలయ్యాక రాముడిగా చేసిన అరుణ్ గోవిల్ కనిపిస్తే జనం కాళ్లకు మొక్కేవారు. ఆ తర్వాత వేరే పాత్రల్లో ఆయన్ను ఊహించుకోవడం వాళ్లకు కష్టమైంది. సీతగా చేసిన దీపికా చిఖలియా 1991లో, మహాభారతంలో కృష్ణుడిగా చేసిన నితీశ్ భరద్వాజ్ 1996లో లోక్‌సభకు ఎన్నికయ్యారు. 2024లో అరుణ్ గోవిల్ కూడా మీరట్ ఎంపీ అయ్యారు. పాత్ర ఒక దారి మూస్తే ఇంకో దారి తెరిచింది.

ఆర్కే నాయుడు వర్సెస్ అమృతం

ఇప్పుడు రెండు తెలుగు సీరియల్స్ పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటిది మొగలిరేకులు. జెమినీ టీవీలో 2008 నుంచి 2013 వరకు వచ్చింది. దర్శకురాలు మంజులా నాయుడు. ఇందులో పోలీస్ ఆఫీసర్ ఆర్కే నాయుడుగా సాగర్ చేశారు. ఆ పేరు ఎంత బలంగా అతుక్కుందంటే, ఇప్పుడు ఆయన్ను ఆర్కే సాగర్ అనే పిలుస్తున్నారు. 2025లో వచ్చిన ‘ది 100’ సినిమాలోనూ ఆయన పోలీస్ ఆఫీసరే. పాత్రను వదిలించుకోవాలని చూడకుండా దాన్నే మెట్టుగా వాడుకున్నారు.

రెండోది అమృతం. 2001 నవంబర్ నుంచి 2007 నవంబర్ వరకు నవ్వించిన సీరియల్. అందులో అమృతరావు పాత్రను ఒకరు కాదు, ముగ్గురు చేశారు: శివాజీ రాజా, నరేశ్, హర్షవర్ధన్. ఎవరు బాగా చేశారన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. కానీ నటుడు మారినా జనం సీరియల్‌ను వదల్లేదు. అంజిగా గుండు హనుమంతరావు మాత్రం మారలేదు. 2018 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశారు. 2020లో వచ్చిన అమృతం ద్వితీయంలో అంజిగా ఎల్‌బీ శ్రీరామ్ చేశారు. ఆయన మంచి నటుడే, అందులో డౌట్ లేదు. అయినా పాత అంజిని తలుచుకోకుండా చూసినవాళ్లు తక్కువ.

దీన్నిబట్టి ఏం తెలుస్తోంది? కొన్ని పాత్రలు ఒక మనిషితో ముడిపడిపోతాయి. కొన్ని ఎవరు చేసినా నిలబడతాయి.

టీవీలోనే ఎందుకు ఇంతగా అతుక్కుంటుంది?

చిన్న లెక్క వేద్దాం. కార్తీకదీపం 1,500కు పైగా ఎపిసోడ్లు వచ్చింది. యాడ్స్ తీసేసి ఎపిసోడ్‌కు 20 నిమిషాలే వేసుకున్నా 500 గంటలు. రెండున్నర గంటల సినిమాలైతే 200 చూసినంత! మన దగ్గరి బంధువుల్లోనూ ఇన్ని గంటలు మన ఎదురుగా ఉండేవాళ్లు ఎందరు? పైగా సినిమాకు మనం వెళ్లాలి. సీరియల్ మన ఇంటికే వస్తుంది, మనం అన్నం తినేటప్పుడు వస్తుంది.

అమెరికాలో డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు పరిశోధకులు 1956లోనే దీని గురించి రాశారు. టీవీలో రోజూ కనిపించే మనిషి మనకు తెలిసినవాడే అనిపిస్తాడు. కానీ ఆ పరిచయం ఒకవైపే. మనకు అతను తెలుసు, అతనికి మనం తెలియదు. తెలుగు సీరియల్స్ పుట్టక ముందే చెప్పిన మాట ఇది, మన డాక్టర్ బాబుకు సరిగ్గా సరిపోతుంది.

ప్రేమ వరకూ ఓకే, తిట్ల సంగతేంటి?

మంచి పాత్ర చేసినవాళ్లకు ఈ అభిమానం వరం. కానీ విలన్ చేసినవాళ్లకు? కార్తీకదీపంలో మోనితగా శోభా శెట్టి చేశారు. కర్ణాటక నుంచి వచ్చిన నటి. దీప కాపురాన్ని కూల్చే పాత్ర. ఆ పాత్రను జనం ఎంత తిట్టుకుంటే ఆమె అంత బాగా చేసినట్టు. అయితే తిట్లు తెర దగ్గర ఆగాలి. 2023లో బిగ్‌బాస్ ఏడో సీజన్‌కు ఆమె తన సొంత పేరుతోనే వెళ్లారు. అయినా ఆమె గురించి వచ్చిన ఎన్నో హెడ్డింగుల్లో ‘మోనిత’ అన్న మాటే ముందు కనిపించింది.

ఈ విషయంలో మీడియా తప్పు కూడా ఉందని ఒప్పుకోవాలి. ‘వంటలక్క కొత్త కారు’, ‘డాక్టర్ బాబు ఇంట్లో పండగ’ లాంటి హెడ్డింగులు పెట్టేది వార్తా సైట్లే. నటుడి పేరు పెడితే క్లిక్ రాదని పాత్ర పేరు పెడతాం. పాత్రనూ మనిషినీ కలిపేసే పని అక్కడ కూడా జరుగుతోంది.

ఒక్క చూపులో: ఏది ఎవరిది?

* కథ, మలుపులు, పాత్ర తీసుకునే నిర్ణయాలు: రచయితలు, దర్శకులు, చానల్‌వి.
* ముఖం, చూపు, నడక, టైమింగ్: నటుడివి.
* గొంతు: చాలాసార్లు డబ్బింగ్ కళాకారులది.
* రంగు, వేషం: మేకప్, కాస్ట్యూమ్ వాళ్లవి.
* పిలుపు, అభిమానం: ప్రేక్షకులవి.
* ఇల్లు, పెళ్లి, పిల్లలు, సొంత అభిప్రాయాలు: నటుడివి మాత్రమే.

కాబట్టి డాక్టర్ బాబు మీద కోపం వస్తే నిక్షేపంగా తిట్టుకోండి. టీవీ ముందు కూర్చుని తిట్టుకోవడంలోనే సగం సరదా ఉంది. కానీ ఫోన్ తీసి నటుడి పేజీలో కామెంట్ పెట్టేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ పని చేసింది కార్తీకా, నిరుపమా? కార్తీక్ అయితే, ఆ తిట్టు చేరాల్సిన అడ్రస్ అది కాదు. రేపటి ఎపిసోడ్ రాసేవాళ్లది.