హెల్సింకీ నుంచి టోక్యో ఎంత దూరం?

హైదరాబాద్ నుంచి విజయవాడ ఎంత దూరమంటే మనలో చాలామంది కిలోమీటర్లు చెప్పరు. ‘ఐదు గంటలు’ అంటారు. విమానాల చరిత్ర చదివితే ఈ అలవాటే సరైందేమో అనిపిస్తుంది.

గ్లోబు మీద హెల్సింకీ దగ్గర దారం కొస పెట్టి టోక్యో దాకా బిగించి లాగండి. సుమారు 7,800 కిలోమీటర్లు. దారం దాదాపు మొత్తం రష్యా మీదుగానే పోతుంది. చిక్కంతా అక్కడే. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో సోవియట్ ప్రభుత్వం సైబీరియా ఆకాశాన్ని చాలామటుకు మూసే ఉంచింది. 1970 ప్రాంతంలో కొన్ని కంపెనీలని రానిచ్చినా, మాస్కోలో దిగి వెళ్ళాలని షరతు పెట్టింది.

మిగతావాళ్ళకి ఉత్తర ధ్రువమే దిక్కయింది. 1957 ఫిబ్రవరిలో స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ కోపెన్‌హాగన్ నుంచి అలాస్కాలోని యాంకరేజ్‌లో ఆగి టోక్యో వెళ్ళే సర్వీసు మొదలెట్టింది. ధ్రువం దగ్గర అయస్కాంత దిక్సూచి నమ్మదగ్గది కాదు. రేఖాంశాలన్నీ ఒకచోట కలిసిపోతుంటే తూర్పేదో పడమరేదో చెప్పడమే కష్టం. అందుకని నావిగేటర్లు పటం మీద వేరే గళ్ళు గీసుకుని, వాటి లెక్కన దారి చూసుకునేవాళ్ళు. అలా మంచు మధ్యనున్న యాంకరేజ్ ప్రపంచానికి కూడలి అయింది. జపాన్ ప్రయాణికుల కోసం ఆ ఎయిర్‌పోర్టులో ఉడాన్ నూడుల్స్ అంగడి కూడా వెలిసింది!

1983 ఏప్రిల్‌లో ఫిన్‌ఎయిర్ ఆ మజిలీని కూడా తీసేసింది. డీసీ-10 విమానంలో ధ్రువం మీదుగా వెళ్ళి, అలాస్కాకీ సైబీరియాకీ నడుమ బేరింగ్ జలసంధి దాటి, ఎక్కడా ఆగకుండా టోక్యో. దాదాపు 13 గంటలు. దారం లెక్కన చూస్తే ఇదంతా చుట్టుదారే.

ఆ చుట్టుదారి ఎందుకో అదే ఏడాది సెప్టెంబర్ 1న లోకానికి తెలిసింది. యాంకరేజ్ నుంచి సియోల్ వెళ్తున్న కొరియన్ విమానం 007 ఆటోపైలట్ సరిగా కుదరక వందల కిలోమీటర్లు పక్కకి జరిగింది. సఖాలిన్ దగ్గర సోవియట్ యుద్ధవిమానం దాన్ని కూల్చేసింది. 269 మందిలో ఒక్కరూ మిగల్లేదు. తర్వాత కొద్దిరోజులకే, జీపీఎస్ పూర్తయ్యాక పౌర విమానాలకి ఉచితంగా ఇస్తామని అమెరికా ప్రకటించింది. ఇవాళ మన ఫోన్లలో దారి చూపిస్తున్నది అదే.

ప్రచ్ఛన్నయుద్ధం ముగిశాక సైబీరియా తలుపులు తెరుచుకున్నాయి, ఊరికే కాదు, గట్టి రుసుముతో. ప్రయాణం తొమ్మిదిన్నర గంటలకి తగ్గింది. ఆసియాకి అడ్డదారి మా ఊరి మీదుగానే అని ఫిన్‌ఎయిర్ తన వ్యాపారమంతా ఆ దారం మీదే కట్టుకుంది.

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైంది. ఫిన్లాండ్‌తో సహా యూరప్ దేశాలు రష్యా విమానాలకి ఆకాశం మూశాయి, రష్యా వాళ్ళకి మూసింది. మార్చిలో ఫిన్‌ఎయిర్ మళ్ళీ ధ్రువం మీదుగా టోక్యోకి బయల్దేరింది. విమానం కొత్తది, ఎయిర్‌బస్ ఏ350. పట్టే సమయం మాత్రం 1983 నాటిదే, 13 గంటలు. ప్రయాణికులకి ధ్రువం దాటినందుకు సర్టిఫికెట్ ఇచ్చారు. చైనా కంపెనీలు మాత్రం పాత దారిలోనే, సైబీరియా మీదుగా, యూరప్‌కి వచ్చిపోతూ ఉన్నాయి.