సింగరేణి గనుల నీటి నిర్వహణ

సింగరేణి గనుల నీటి నిర్వహణ అనగా ఉత్తర తెలంగాణలోని సింగరేణి బొగ్గు గనులలోనికి ఊరే నీటిని బయటకు తోడి, శుద్ధిచేసి, తిరిగి ఉపయోగించే పద్ధతుల సముదాయము. ఈ గనులలో అధిక భాగము పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాలలో గోదావరికి ఇరువైపులా ఉన్నవి. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజన తరువాత గోదావరిఖని, రామగుండం పెద్దపల్లి జిల్లాలోకి, మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూర్ మంచిర్యాల జిల్లాలోకి, గోలేటి కొమురం భీం జిల్లాలోకి వచ్చినవి. నీటిని తోడకపోతే గని నడవదు. తోడిన నీటిని సరిగా వాడకపోతే చుట్టుపక్కల ఊళ్ళకు నష్టము. ఈ రెంటి మధ్య సమతూకమే ఈ అంశము యొక్క సారాంశము.

నేపథ్యము

1871లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతములో బొగ్గును కనుగొన్నాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందినది. 1920 డిసెంబరులో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడినది. ప్రస్తుతము ఇందులో తెలంగాణ ప్రభుత్వమునకు 51 శాతము, కేంద్ర ప్రభుత్వమునకు 49 శాతము వాటా కలదు.

ఈ బొగ్గు పొరలు ప్రాణహిత-గోదావరి లోయ వెంబడి సుమారు 350 కిలోమీటర్ల పొడవున వ్యాపించి ఉన్నవి. గోండ్వానా యుగపు బరాకర్ శిలా సముదాయములో బొగ్గు ఉండగా, దాని నడుమను, దానిపైన ఉన్న కామ్టీ సముదాయములోను ఇసుకరాయి పొరలు విస్తారముగా ఉన్నవి. ఇసుకరాయి నీటిని తనలో నిలుపుకొనే గుణము గలది. కనుక ఇక్కడ బొగ్గు కొరకు ఎక్కడ తవ్వినా నీరు వెంటవచ్చును.

నీరు వచ్చు మార్గములు

* భూగర్భ జలము: గని గోడల నుండి, పైకప్పు నుండి ఏడాది పొడుగునా ఊరుచుండును.
* వర్షపు నీరు: ఓపెన్‌కాస్ట్ గనులలో జూన్ నుండి సెప్టెంబరు వరకు ప్రధానమైనది ఇదే. గుంత విశాలమైన కొలదీ అందులో చేరు నీరు కూడ పెరుగును.
* ఇసుక నింపుటకు వాడే నీరు: భూగర్భ గనులలో బొగ్గు తీసిన ఖాళీలను గోదావరి ఇసుకతో నింపే పద్ధతి కలదు. ఇసుకను నీటితో కలిపి గొట్టముల ద్వారా లోనికి పంపుదురు. ఇసుక నిలిచిపోగా నీరు వడిసి సంపునకు చేరును. దానిని మరల పైకి తోడి అదే పనికి వాడవచ్చును. నది ఇసుక కొరత వలన మట్టిగుట్టల లోని రాయిని పొడిచేసి వాడుట కూడ మొదలైనది.

తోడే విధానము

గనిలోని వాలు ప్రదేశములో తవ్విన సంపులలోనికి కాలువల ద్వారా నీటిని చేర్చి, పంపులతో అంచెలంచెలుగా పైకి తోడుదురు. ఇందులోని లెక్కను ఒక ఉదాహరణతో గ్రహించవచ్చును. ఒక గనిలో నిమిషమునకు 1000 లీటర్లు ఊరుచున్నదనుకొనిన, రోజుకు 14 లక్షల 40 వేల లీటర్లు అగును. పట్టణములలో మనిషికి రోజుకు 135 లీటర్లు అను ప్రమాణము ప్రకారము ఇది సుమారు 10,600 మందికి సరిపోవును. అదే నీటిని 200 మీటర్ల లోతు నుండి ఎత్తుటకు, పంపులలోని నష్టములను లెక్కింపకనే, రోజుకు దాదాపు 785 యూనిట్ల విద్యుత్తు కావలెను. ఇంత ఖర్చుతో పైకి వచ్చిన నీటిని వాగులో వదలివేయుట కంటె వాడుకొనుట మేలని దీనివలన తెలియును.

ప్రమాదములు

గనిలో నీరు ప్రాణాంతకము కాగలదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు చొచ్చుకొనివచ్చి 17 మంది కార్మికులు మరణించిరి. పాత గనులలో నిలిచిన నీరు కంటికి కనబడదు. రెంటి మధ్యనున్న బొగ్గు గోడ పలుచనైనచో ఒత్తిడికి తెగిపోవును. అందువలన నీరు నిలిచిన పాత పనిస్థలములకు 60 మీటర్ల లోపు అనుమతి లేక తవ్వరాదని 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు విధించినవి. వాటి స్థానములో 2017లో కొత్త నిబంధనలు వచ్చినవి. ముందుగా సన్నని రంధ్రములు వేసి అవతల నీరున్నదీ లేనిదీ పరీక్షించుట, పాత గనుల పటములను భద్రపరచుట ముఖ్యమైన జాగ్రత్తలు. పటము తప్పయినచో మిగిలిన జాగ్రత్తలు ఎన్ని ఉన్నను ప్రయోజనము తక్కువ.

నీటి నాణ్యత

బొగ్గులో గంధకము ఎక్కువగా ఉన్నచోట గని నీరు ఆమ్లముగా మారును. మేఘాలయ, అస్సాం గనులలో ఈ సమస్య తీవ్రముగా ఉన్నది. గోండ్వానా బొగ్గులో గంధకము తక్కువ కనుక ఇక్కడి నీరు సాధారణముగా తటస్థముగా గాని, కొద్దిపాటి క్షారముగా గాని ఉండును. ఇక్కడ గమనింపదగినవి వేరు:

* తేలియాడు బొగ్గు పొడి, మట్టి
* కాఠిన్యము, కరిగిన లవణములు, సల్ఫేటులు
* వర్క్‌షాపుల నుండి వచ్చు నూనె, గ్రీజు
* పేలుడు పదార్థములలోని అమ్మోనియం నైట్రేటు వలన చేరు నైట్రేటులు

బొగ్గు గనుల నుండి బయటకు వదలు నీటికి కేంద్ర ప్రభుత్వము 2000 సెప్టెంబరులో ప్రమాణములను ప్రకటించినది. వాటి ప్రకారము తేలియాడు పదార్థములు లీటరుకు 100 మిల్లీగ్రాములు, నూనె, గ్రీజు 10 మిల్లీగ్రాములు మించరాదు, పి.హెచ్. విలువ 5.5 నుండి 9 వరకు ఉండవలెను. తాగునీటి ప్రమాణములు ఇంతకంటె కఠినమైనవి. కరిగిన లవణములు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండుట మంచిది. వేరే నీరు దొరకనిచోట 2000 వరకు అనుమతింతురు. కావున బయటకు వదలుటకు తగిన నీరు తాగుటకు కూడ తగినదని భావింపరాదు.

శుద్ధి మరియు పునర్వినియోగము

తోడిన నీటిని మొదట తేర్చు చెరువులలో నిలిపి మట్టిని అడుగునకు దింపుదురు. తాగునీటికై పటిక కలిపి, ఇసుక వడపోత గుండా పంపి, క్లోరిన్ కలుపుదురు. ఈ వడపోత కేంద్రములను కార్మికుల కాలనీలలో ఫిల్టర్‌బెడ్ అందురు. ఇసుక వడపోత మురికిని తీయునే గాని కాఠిన్యమును తీయదు. బైకార్బనేటుల వలన కలిగిన కాఠిన్యము మరిగించిన పోవును. సల్ఫేటుల వలన కలిగినది పోదు. దానికి ఆర్.ఓ. వంటి పద్ధతులు అవసరము.

గని నీటి ముఖ్య ఉపయోగములు:

* ఇసుక నింపుట, యంత్రములను కడుగుట, మంటలను ఆర్పుట
* రోడ్ల మీద, బొగ్గు నిలువల మీద దుమ్ము లేవకుండ చల్లుట
* కాలనీలకు సరఫరా
* నర్సరీలు, మట్టిగుట్టల మీది మొక్కల పెంపకము
* సమీప గ్రామముల చెరువులను నింపుట, వ్యవసాయము

మట్టిగుట్టల నుండి వానకు కొట్టుకొనివచ్చు మట్టి పొలములలోను, వాగులలోను చేరకుండ గుట్టల చుట్టూ కందకములు తవ్వి, నీటిని తేర్చు చెరువులకు మళ్ళించవలెను.

భూగర్భ జలములపై ప్రభావము

గని లోతు పెరిగిన కొలదీ చుట్టుపక్కల భూగర్భ జలమట్టము గని వైపు వాలును. లోతు తక్కువ గల చేద బావులు ముందుగా ఎండును. పైకప్పును కూలనిచ్చు పద్ధతిలో నేల కుంగి, పగుళ్ళ ద్వారా పై పొరల నీరు క్రిందికి దిగును. ఇసుక నింపిన చోట ఈ ఇబ్బంది తక్కువ. బావి ఎండిన రైతునకు గని నీటిని అందించుట దయాధర్మము కాదు. అతని పొలము క్రింది నుండి పోయిన నీటిలో కొంత తిరిగి ఇచ్చుటయే. అందుచేత గ్రామముల బావుల మట్టములను వానకాలమునకు ముందు, తరువాత కొలిచి నమోదు చేయుట అవసరము. జల కాలుష్య నివారణకు 1974 నాటి చట్టము, భూగర్భ జల రక్షణకు 2002 నాటి వాల్టా చట్టము ఆధారములు.

గ్యాసు బావుల నీటితో పోలిక

బొగ్గు పొరల మీథేన్‌ను తీయుటకు ముందుగా పొరలోని నీటిని తోడి ఒత్తిడి తగ్గించవలెను. షేల్ గ్యాసు తీయుటకు దీనికి భిన్నముగా, ఒక్కొక్క బావిలోనికి కోటి లీటర్లకు పైగా నీటిని ఇసుక, రసాయనములతో కలిపి అధిక ఒత్తిడితో పంపుదురు. తిరిగివచ్చు నీటిలో లవణములు కొన్నిచోట్ల లీటరుకు లక్ష మిల్లీగ్రాములు మించును. సముద్రపు నీటిలో అవి సుమారు 35 వేలు మాత్రమే. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఈ నీటిని తరువాతి బావులకు వాడుట ఎక్కువ. ఓక్లహామాలో వ్యర్థజలమును లోతైన పొరలలోనికి పంపుట వలన భూకంపములు పెరిగినవి. భారత ప్రభుత్వము 2013లో షేల్ గ్యాసు విధానమును ప్రకటించినను వాణిజ్య ఉత్పత్తి మొదలు కాలేదు. గని నీరు చెరువునకు పనికివచ్చును గాని ఇటువంటి ఉప్పునీరు పనికిరాదు. ఒకదాని అనుభవమును మరొకదానికి నేరుగా అన్వయింపరాదు.

మూతపడిన గనులు

పంపులు ఆపిన తరువాత గని క్రమముగా నీటితో నిండును. ఓపెన్‌కాస్ట్ గుంతలు పెద్ద జలాశయములగును. రామగుండం వద్ద మేడిపల్లి గుంతలో పంప్డ్ స్టోరేజి విద్యుత్ కేంద్రము నిర్మించు ప్రతిపాదన కలదు. అయితే గుంతల అంచులు నిటారుగా ఉండును కనుక కంచె, మెట్ల వాలు, నీటి పరీక్ష లేకుండ ప్రజలకు వదలరాదు. పక్కనే నడుచు గనులున్నచో నిండిన గని నీటి మట్టమును ఎల్లప్పుడు గమనింపవలెను.

ఇవి కూడా చూడండి

* సింగరేణి బొగ్గు గనులు
* గోదావరిఖని
* బెల్లంపల్లి
* భూగర్భ జలము
* షేల్ గ్యాసు