పాత కారు తలుపు కిందికి జారితే: ముందు కీలు చూడాలి, తర్వాతే లాకు

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే ఆగింది. అయినా హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూర్ వైపు మన తెలుగు ఇళ్లలో అవి ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. తాతగారు కొన్న బండి అని అమ్మబుద్ధి కాదు. అలాంటి బండ్లకు తప్పక వచ్చే జబ్బు తలుపు జారడం.

మా ఇంటి అంబాసిడర్‌కూ ఇదే వచ్చింది. ముందు తలుపు పైకెత్తి వేస్తేనే పడేది. ఒక షెడ్డులో చూపిస్తే లాకు ప్లేటు కాస్త కిందికి దించి ఐదు నిమిషాల్లో పంపేశారు. తలుపు సులువుగా పడుతోందని మేమూ సంతోషించాం. కొన్ని నెలలకు ఒక మలుపులో ఆ తలుపు దానంతటదే తెరుచుకుంది. నాయన అవ్వ చెయ్యి దొరకబుచ్చుకున్నారు కాబట్టి సరిపోయింది. కీలు అరిగితే లాకును దించడం జబ్బును దాచడమే. తలుపు ఇంకా జారుతుంది, లాకు సగమే పట్టుకుంటుంది.

జారిందని ఎలా తెలుస్తుంది?

తలుపు మీది గీత వెనక తలుపు గీతతో కలవదు. లాకు దగ్గర పెయింటు గీసుకుపోతుంది. వానకు లోపల తడుస్తుంది, గతుకుల్లో గడగడ చప్పుడొస్తుంది. తలుపు వేసేటప్పుడు లాకు చివర పైకి లేస్తే జారినట్టే.

తప్పు ఎక్కడుంది?

లాకు ప్లేటు తాకకుండా తలుపును ఒక అడుగు మేర తెరవండి. ఒకరు లాకు వైపు అంచును పట్టుకుని మెల్లగా పైకీ కిందికీ ఆడించాలి, ఇంకొకరు కీళ్లనే చూడాలి.

- కీలు రెక్కల మధ్య ఆట కనిపిస్తే పిన్నో, బుష్షో అరిగింది. ఎక్కువగా పై కీలుదే తప్పు.
- కీలు మొత్తం పిల్లర్ మీద కదిలితే బోల్టులు వదులయ్యాయి.
- కీలు చుట్టూ పిల్లర్ రేకే ఊగితే లోపల తుప్పు గానీ పగులు గానీ ఉంది.
- ఎక్కడా ఆట లేకపోయినా తలుపు కిందికే ఉంటే బండి అడుగున, గుమ్మం కింది పెట్టెను చూడాలి. అక్కడ తుప్పు పడితే బాడీయే కుంగుతుంది.

ఆట కొంచెమే కదా అనుకోవద్దు. రెండు కీళ్ల మధ్య 40 సెంటీమీటర్లు, కీలు నుంచి లాకు వరకు 90 సెంటీమీటర్లు ఉన్నాయనుకుందాం. పై కీలులో 1 మిల్లీమీటరు ఆట ఉంటే లాకు దగ్గర తలుపు రెండు మిల్లీమీటర్లకు పైగా దిగుతుంది.

బాగు చేయడం

పిన్ను అరిగితే: తలుపు కింద చెక్క, దాని మీద పాత దుప్పటి పెట్టి జాకీతో ఆనించండి. ఇనుప తలుపు బరువు ఎక్కువ, ఇద్దరు ఉండాల్సిందే. పిన్ను తీసి లేత్ షాపుకు తీసుకెళ్లండి. రంధ్రం గుండ్రంగానే ఉంటే కొత్త పిన్ను చాలు. కోలగా అరిగితే రంధ్రం సాపు చేయించి ఇత్తడి బుష్ గానీ లావు పిన్ను గానీ వేయించాలి. బిగించాక గ్రీజు పెట్టండి.

బోల్టులు వదులైతే: ముందుగా కీలు చుట్టూ పెన్సిలుతో గీత గీయండి. లాకు ప్లేటు విప్పి పక్కన పెట్టండి. బోల్టులు పూర్తిగా విప్పకుండా కాస్త వదులు చేసి, జాకీతో తలుపును కొద్దిగా ఎత్తి బిగించండి. జాకీ దించి సందులు చూడండి. రెండు మూడు సార్లు చేయాల్సి వస్తుంది.

పిల్లరో, అడుగో తుప్పు పడితే: ఇది ఇంట్లో అయ్యే పని కాదు. టింకరింగ్ షెడ్డులో తుప్పు రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయించాలి. అంతకు ముందు బ్యాటరీ వైరు తీయించండి, ఆ చుట్టుపక్కల సీటు, మ్యాటు తీయించండి.

కీలు మధ్య చెక్క మొద్దు పెట్టి తలుపును నెట్టి వంచే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అరిగిన కీలుకు అది మందు కాదు, తలుపు రేకు సొట్ట పడుతుంది.

చివరి పరీక్ష

లాకు ప్లేటును అన్నిటికన్నా చివరనే బిగించాలి. తలుపు దానంతటది ఎక్కడ ఆగుతుందో అక్కడికి ప్లేటును తేవాలి. లాకు రెండు మెట్లదైతే రెండో మెట్టు చప్పుడు కూడా వినిపించాలి. రబ్బరు బీడింగు దగ్గర కాగితం ముక్క పెట్టి తలుపు వేసి లాగండి. సులువుగా వచ్చేస్తే అక్కడ నీరు కారుతుంది.

షెడ్డులో ఏమని అడగాలి?

తమిళంలో కీల్, కన్నడంలో కీలు అంటారు, మనకు ఇబ్బంది లేదు. మరాఠీలో బిజాగరి, ఒడియాలో కబ్జా అనాలి. లాకు సరిచేయమని కాదు, కీలులో ఆట చూడమని అడగండి. 15 ఏళ్లు దాటిన సొంత కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే ఎలాగూ ఫిట్‌నెస్ చూపించాలి. అంతదాకా ఆగకుండా, పైకెత్తి వేయాల్సి వచ్చిన రోజే తలుపు చూపించుకోండి. అది బాగయ్యేదాకా ఆ పక్కన పిల్లలనూ పెద్దలనూ కూర్చోబెట్టకండి.