వెంటిలేటర్ కొనసాగించాలా? నిర్ణయానికి నాలుగు సూత్రాలు

కోలుకునే ఆశ లేదని డాక్టర్లు తేల్చిన తరువాత కూడా వెంటిలేటర్ కొనసాగించాలా? ఐసీయూ బయట నిలబడ్డ కుటుంబానికి ఇంతకన్నా కఠినమైన ప్రశ్న ఉండదు. 1979లో బీచంప్, చిల్డ్రెస్ తమ గ్రంథంలో వివరించిన నాలుగు వైద్యనీతి సూత్రాలు ఇక్కడ దారి చూపుతాయి.

1. రోగి ఇష్టాన్ని గౌరవించడం: "నాన్న మాట్లాడగలిగితే ఏమనేవారు?" అని ముందుగా అడగాలి.
2. మేలు చేయడం: చికిత్స వల్ల రోగికి నిజంగా ప్రయోజనం ఉండాలి.
3. హాని చేయకపోవడం: బాధను మాత్రమే పొడిగించే చికిత్స మేలు అనిపించుకోదు.
4. న్యాయం: ఐసీయూ పడక అవసరాన్ని బట్టి దక్కాలి, డబ్బును, సిఫారసును బట్టి కాదు.

ఫలితమివ్వని చికిత్సను ఆపడం వేరు, ప్రాణం తీయడం వేరు. మొదటిదానిని సుప్రీంకోర్టు 2018లో షరతులతో అనుమతించింది. రెండోది నేటికీ నేరమే. తన ఇష్టాన్ని ముందుగానే రాసిపెట్టే లివింగ్ విల్‌నూ ఆ తీర్పు గుర్తించింది. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరింపజేస్తే చాలని 2023లో ఆ పద్ధతిని సులభం చేసింది. అయితే చికిత్స ఆపేముందు వైద్య బోర్డుల ఆమోదం తప్పనిసరి.

చికిత్స ఆగినా సంరక్షణ ఆగకూడదు. నొప్పి తగ్గించడం, పక్కన కూర్చోవడం, ప్రార్థించడం చివరి శ్వాస వరకు మన బాధ్యతే. పెద్దలు ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఈ సంగతి ఇంట్లో మాట్లాడుకుంటే, రేపు పిల్లల మీద ఆ భారమంతా పడదు.