కరెంటు ముందే మారాలి

సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, తిప్పే మోటరుకూ చెరువులో పరుగెత్తే రిమోట్ పడవకూ మూలపురుషుడు ఒక్కడే, నికోలా టెస్లా. 1888లో ఆయన పేటెంటు పొందిన ఇండక్షన్ మోటరుకు బ్రష్షుల్లేవు. సెస్ అని జనం పిలిచే సహకార సంఘం 1970 నుంచి ఇస్తున్న కరెంటుతో నడిచే సిరిసిల్ల మోటర్లూ, జగిత్యాల, కోరుట్ల పొలాల్లోని బోరు మోటర్లూ ఆ వంశానివే. ఆ పేటెంటుకు పదేళ్ల తర్వాత, 1898లో, టెస్లా న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నీళ్ల తొట్టిలో చిన్న పడవను రేడియో తరంగాలతో నడిపి చూపాడు. లోపల కోతిని దాచాడని కొందరు అనుమానించారట. ఆ ఏడాది నవంబరు 8న దానికీ పేటెంటు దక్కింది.

తమాషా ఏమిటంటే, బ్రష్షుల్లేని మోటరు చేసినాయన పడవకు మాత్రం అది పనికిరాలేదు. బ్యాటరీ ఇచ్చేది ఒకే దిక్కున పారే కరెంటు. దాన్ని తిరిగే కాయిల్‌లో సమయానికి అటూ ఇటూ మార్చాలంటే ఇరుసు మీద కమ్యూటేటర్, దాన్ని రాసుకుంటూ బ్రష్షులు అప్పట్లో ఉండాల్సిందే. 1838లోనే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో యాకోబి నేవా నది మీద నడిపిన కరెంటు పడవ మోటరుకూ కమ్యూటేటరే దిక్కు.

టైమింగ్, అంటే కరెంటు ఎప్పుడు మారాలన్న తలనొప్పి అక్కడే పుట్టింది. లోడు పెరిగితే బ్రష్షుల దగ్గర నిప్పురవ్వలు లేచేవి. వాటిని తగ్గించడానికి మోటరులో బ్రష్షులను తిరుగుడుకు ఎదురుగా కాస్త జరిపేవారు, అంటే కరెంటు కాస్త ముందే మారేది. లోడు మారినప్పుడల్లా పిడి పట్టుకుని జరపడం అప్పటి ఆపరేటర్ల పనుల్లో ఒకటి. తర్వాత మధ్యలో చిన్న ధ్రువాలు పెట్టి ఆ బాధ తప్పించారు. ఆటకార్ల మోటర్లలో మాత్రం వెనక మూతను కొద్దిగా తిప్పి టైమింగ్ పెంచే అలవాటు చాలాకాలం సాగింది.

ముందే ఎందుకు మార్చాలి? సాంచె బాగుచేసే మిస్త్రీకి ఇది చెప్పనక్కర్లేదు. పడుగు దారాలు పూర్తిగా విచ్చుకున్నాక నాడెను కొడితే ఆలస్యమే. సందు ఇంకా విచ్చుకుంటుండగానే కర్ర కదలాలి, నాడె వెళ్లేసరికి దారి తెరుచుకుని ఉంటుంది. కాయిల్‌లో కరెంటూ అంతే. స్విచ్చు వేయగానే నిండదు, కాస్త సమయం తీసుకుంటుంది. వేగం పెరిగేకొద్దీ ఆ కాస్తే బరువవుతుంది.

బ్రష్షుల పనిని ట్రాన్సిస్టర్లకు అప్పగించిన డీసీ మోటరు గురించి విల్సన్, ట్రికీ అనే ఇంజనీర్లు 1962లో రాశారు. రోటరు, అంటే తిరిగే భాగం, ఎక్కడుందో చెప్పడానికి సెన్సార్లు కావాల్సి వచ్చేవి. 1980ల్లో రెండు మార్పులు వచ్చాయి. నియోడైమియం అయస్కాంతాలు మోటరును చిన్నది చేశాయి. 1985లో జపాన్‌లో ఈజుకా బృందం సెన్సార్ల అవసరమే లేదని చూపింది: మోటరుకు వెళ్లే మూడు తీగల్లో ఆ క్షణాన కరెంటు లేని మూడో తీగలో, తిరిగే అయస్కాంతం వల్ల పుట్టే వోల్టేజీని గమనిస్తే చాలు. ఇప్పుడు మన ఇళ్లలో సుమారు ముప్ఫై వాట్లతోనే తిరుగుతున్న బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ డీసీ) ఫ్యాన్లలో చాలావాటి కిటుకు ఇదే. ఆటవిమానాలకూ పడవలకూ ఇలాంటి మోటర్లు 1990ల్లో చేరాయి.

పడవ స్పీడ్ కంట్రోలర్, అంటే ఈఎస్‌సీ, చేసే లెక్క చిన్నదే. ఆ మూడో తీగ వోల్టేజీ మధ్యగీత దాటగానే గడియారం మొదలుపెడుతుంది. సహజంగా అయితే 30 విద్యుత్ డిగ్రీల తర్వాత స్విచ్చు మార్చాలి. టైమింగ్ 15 డిగ్రీలు పెడితే ఆ ఆగుడు సగానికి తగ్గుతుంది. రెండు ధ్రువాల మోటరు నిమిషానికి 40,000 చుట్లు తిరిగితే ఒక్కో చుట్టుకు ఆరు మార్పులు, ఒక్కో మార్పుకు సెకనులో నాలుగువేలవ వంతు. నాలుగు ధ్రువాలైతే అందులో సగమే. పడవల్లో బాగా కనిపించే హాబీవింగ్ సీకింగ్ ఈఎస్‌సీలో టైమింగ్‌ను సున్నా నుంచి 3.75 డిగ్రీల మెట్లలో పెంచుకోవచ్చు.

ఎక్కువ పెడితే పోలేదా? చుట్లు పెరుగుతాయి, నిజమే. కానీ నీళ్లలో ప్రొపెల్లర్ వేగం పది శాతం పెరిగితే అది అడిగే శక్తి వేగపు ఘనంతో, సుమారు 33 శాతం పెరుగుతుంది. కారులోలాగా గేరు మార్చి తప్పించుకునే వీలు ఉండదు. పైగా పడవ మోటరుకు చుట్టూ నీళ్ల జాకెట్ ఉంటుంది. పైకి తాకితే చల్లగానే ఉంటుంది, లోపల రోటరు వేడెక్కుతుంది. మామూలు రకం నియోడైమియం 80 డిగ్రీల సెల్సియస్ దాటితే బలం కోల్పోవడం మొదలవుతుంది. వేగం కావాలని మొదట టైమింగ్ మీద చెయ్యి వేయడం నా దృష్టిలో తొందరపాటే.

లోపలి భాగం తిరిగే రెండు, నాలుగు ధ్రువాల ఇన్‌రన్నర్ మోటరుకు తక్కువతోనే మొదలుపెట్టాలి. బయటి డొల్ల తిరిగే, ధ్రువాలు ఎక్కువున్న ఔట్‌రన్నర్‌కు ఎక్కువ కావాలి. చాలకపోతే వేగం పెరిగిన చోట లయ తప్పి ముక్కుతుంది. సెట్టింగు మార్చాక కొద్దిసేపే నడిపి ఒడ్డుకు తెచ్చి మోటరు (నీళ్ల జాకెట్ కప్పని చోట), ఈఎస్‌సీ, బ్యాటరీ మూడూ తాకి చూడాలి. వేడి ఎక్కువైతే టైమింగ్ ఒక మెట్టు దించాలి, లేదా అంతకన్నా చిన్న ప్రొపెల్లర్ బిగించాలి.