అమెరికా ఆరోగ్య బీమా సంస్కరణ: ఖర్చు మీద వివాదం

అధ్యక్షుడు బరాక్ ఒబామా 2010 మార్చి 23న సంతకం చేసిన 'పేషెంట్ ప్రొటెక్షన్ అండ్ అఫర్డబుల్ కేర్ యాక్ట్'ను జనం ఒబామాకేర్ అంటారు. ప్రత్యర్థులు ఎగతాళిగా వాడిన పేరది. తర్వాత ఒబామాయే దాన్ని సంతోషంగా తీసుకున్నారు. 1965లో లిండన్ జాన్సన్ హయాంలో వృద్ధులకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ వచ్చాక అమెరికా వైద్యరంగంలో ఇంత పెద్ద మార్పు రాలేదు. దీనివల్ల బీమా కొనుక్కునేవాడి ఖర్చు తగ్గిందా పెరిగిందా అన్న వాదన ఆనాడే మొదలైంది, ఇంకా తెగలేదు. ఇరుపక్షాలూ చూపించే అంకెలు చాలావరకు నిజమైనవే. ఎవరు ఎవరి జేబు లెక్కపెడుతున్నారన్న దగ్గరే తేడా వస్తుంది.

నేపథ్యం

అమెరికాలో బీమా ఉద్యోగంతో ముడిపడటం ఎవరో కూర్చుని ఆలోచించి చేసిన ఏర్పాటు కాదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, ప్రభుత్వం జీతాల పెంపు మీద ఆంక్షలు పెట్టింది. పనివాళ్లు దొరకని కంపెనీలు జీతం పెంచలేక ఆరోగ్య బీమా ఇవ్వడం మొదలుపెట్టాయి. కంపెనీ కట్టే ప్రీమియం ఉద్యోగి ఆదాయం కిందికి రాదని, దాని మీద పన్ను లేదని 1954 పన్ను చట్టం ఖాయం చేసింది. ఆ తర్వాత ఆ ముడి విప్పడం ఎవరి తరమూ కాలేదు. అంతకుముందే హ్యారీ ట్రూమన్ జాతీయ బీమా తేవాలని చూసి విఫలమయ్యారు. బిల్ క్లింటన్ 1993లో తెచ్చిన పథకం మరుసటి ఏడాదికే కూలిపోయింది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని బీమా కాగితాలు చూస్తూ బెంగపడే 'హ్యారీ, లూయీస్' అనే దంపతుల టీవీ ప్రకటనలు అందులో తమ వంతు పాత్ర పోషించాయి. వాటికి డబ్బు పెట్టింది బీమా కంపెనీల సంఘమే.

ఉద్యోగం ద్వారా బీమా రానివాళ్లు, అంటే సొంత వ్యాపారులు, చిన్న దుకాణాల్లో పనిచేసేవాళ్లు, 65 నిండకముందే పని మానేసినవాళ్లు, విడిగా పాలసీ కొనుక్కోవాలి. ఆ బజారులో కంపెనీదే రాజ్యం. పాత జబ్బుల చిట్టా అడిగేది. మధుమేహం ఉందంటే పాలసీ లేదనేది, లేదా ఆ జబ్బు తప్ప మిగతావాటికి ఇస్తాననేది. ఆడవాళ్ల దగ్గర ఎక్కువ ప్రీమియం వసూలు చేసేవారు. చాలా పాలసీల్లో కాన్పు ఖర్చు ఉండేదే కాదు. 2010 నాటికి ఏ బీమా లేనివాళ్లు 4.5 కోట్లకు పైనే. అత్యవసర స్థితిలో వచ్చిన రోగిని డబ్బు లేదని ఆసుపత్రి తిప్పి పంపకూడదని 1986 చట్టం చెబుతుంది. కాబట్టి బీమా లేనివాడికీ ఎంతో కొంత వైద్యం అందుతూనే ఉండేది. ఆ బిల్లు వసూలు కాకపోతే ఆ భారం ఎవరో ఒకరి మీద పడేది.

ముక్కాలిపీట

కొత్త చట్టాన్ని దాని రూపశిల్పులు ముక్కాలిపీటతో పోల్చారు. మొదటి కాలు: జబ్బు ఉందని ఎవరికీ పాలసీ నిరాకరించకూడదు, ఎక్కువ వసూలు చేయకూడదు. వయసును బట్టి తేడా చూపొచ్చు గానీ, పెద్దవాళ్ల ప్రీమియం కుర్రవాళ్ల ప్రీమియానికి మూడు రెట్లు మించకూడదు. రెండో కాలు: అందరూ బీమా తీసుకోవాలి, లేకపోతే జరిమానా కట్టాలి. ఇది లేకపోతే జబ్బు పడేదాకా ఆగి అప్పుడు కొంటారు. ఇల్లంటుకున్నాక బావి తవ్వడం ఇక్కడ తెలివైన పనే అవుతుంది. మూడో కాలు: కొనమని చట్టం చెప్పినప్పుడు కొనే శక్తి కూడా ఉండాలి గనక ఆదాయాన్ని బట్టి సబ్సిడీ.

మిట్ రామ్నీ గవర్నరుగా ఉన్న రోజుల్లో, 2006లో, మసాచుసెట్స్ రాష్ట్రం ఈ పీటనే చేయించింది. తప్పనిసరి బీమా ఆలోచన 1989లోనే రిపబ్లికన్లకు దగ్గరైన హెరిటేజ్ ఫౌండేషన్ పత్రాల్లో ఉంది. అయినా సెనేట్‌లో గానీ ప్రతినిధుల సభలో గానీ తుది బిల్లుకు ఒక్క రిపబ్లికన్ కూడా ఓటు వేయలేదు. ప్రతినిధుల సభలో అది 219-212 ఓట్లతో గట్టెక్కింది.

వీటితోపాటు మరికొన్ని నిబంధనలు వచ్చాయి. పిల్లలు 26 ఏళ్లు వచ్చేదాకా తల్లిదండ్రుల పాలసీలో ఉండవచ్చు. జీవితకాలంలో ఇంతవరకే చెల్లిస్తామనే పరిమితి పోయింది. కాన్పు, మందులు, మానసిక చికిత్సతో సహా పది రకాల సేవలు ప్రతి వ్యక్తిగత పాలసీలోనూ ఉండాలి. వసూలు చేసిన ప్రీమియంలో కనీసం 80 శాతం, పెద్ద సంస్థల పాలసీల్లో 85 శాతం, వైద్యానికే ఖర్చుపెట్టాలి; లేకపోతే తేడా వాపసు ఇవ్వాలి. ఈ చివరి నిబంధన వినడానికి బాగుంది. కానీ తన వాటా మొత్తంలో ఇంత శాతమని కట్టేస్తే, మొత్తం తగ్గాలన్న కోరిక బీమా కంపెనీకి ఎందుకుంటుందని విమర్శకులు అడిగారు. ఆ ప్రశ్నను సులువుగా తోసిపుచ్చలేం.

ప్రీమియం దెబ్బ

'మీ పాలసీ మీకు నచ్చితే అదే ఉంచుకోవచ్చు' అని ఒబామా పదే పదే చెప్పారు. 2013 చివర్లో లక్షలాది మందికి పాలసీ రద్దు ఉత్తరాలు వచ్చాయి, ఆ పాలసీలు కొత్త నిబంధనలకు సరిపోవని. ఆ నవంబరులో ఆయన క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. కొత్త పాలసీలు కొనుక్కోవడానికి అక్టోబరు 1న తెరిచిన ప్రభుత్వ వెబ్‌సైటు తొలిరోజే కుప్పకూలడం పుండు మీద కారం. మొదటి రోజు దేశం మొత్తం మీద అందులో చేరగలిగింది ఆరుగురు.

వ్యతిరేకుల చేతిలో అన్నిటికన్నా పదునైన అంకె 2017లో ఆరోగ్యశాఖ నుంచే వచ్చింది. ఆ సమాఖ్య వెబ్‌సైటు వాడిన 39 రాష్ట్రాల్లో వ్యక్తిగత పాలసీ సగటు ప్రీమియం 2013లో నెలకు 232 డాలర్లు, 2017లో 476. నాలుగేళ్లలో రెట్టింపుకు పైన. అంకె నిజమే. అయితే 2013 నాటి పాలసీ జబ్బున్నవాణ్ని గుమ్మం బయటే ఆపేసింది. 2017 నాటిది లోపలికి రానిచ్చింది. పేరొకటే అయినా సరుకు వేరు. కొంతమంది మాత్రం నిజంగానే నష్టపోయారు. చవక పాలసీతో సరిపెట్టుకుని ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల కుర్రవాడు, సబ్సిడీ గీతకు కాస్త పైన సంపాదించే చిన్న వ్యాపారి, ఇద్దరూ వేరేవాళ్ల వైద్యానికి డబ్బు కట్టారు. బీమా అంటేనే అది. కాకపోతే చట్టం తెచ్చినవాళ్లు ఆ సంగతి ఓటర్లకు ముందే విడమరిచి చెప్పలేదు.

సబ్సిడీ లెక్క ఎలా పనిచేస్తుందో చూస్తే ఈ గొడవలో సగం అర్థమవుతుంది. పాలసీలకు కంచు, వెండి, బంగారం, ప్లాటినం అని పేర్లు పెట్టారు. సగటున వైద్యఖర్చులో కంపెనీ వాటా వరుసగా 60, 70, 80, 90 శాతం. తన ప్రాంతంలో చవకలో రెండోదైన వెండి పాలసీ ధరను కొలబద్దగా తీసుకుంటారు. కొనేవాడు తన ఆదాయంలో ఇంత శాతం కడితే చాలు, ఆ ధరకు మిగిలినది ప్రభుత్వం భరిస్తుంది. 2014లో ఒంటరి మనిషికి సబ్సిడీ గీత ఏటా 45,960 డాలర్లు, అంటే పేదరిక రేఖకు నాలుగు రెట్లు. ఆ గీత మీద ఉన్నవాడు ఆదాయంలో 9.5 శాతం కట్టాలి, దాదాపు 4,366 డాలర్లు. అరవై ఏళ్ల మనిషికి కొలబద్ద పాలసీ 9,000 డాలర్లు అనుకుందాం. ప్రభుత్వం 4,634 ఇస్తుంది. అతని సంపాదన ఇంకో వంద డాలర్లు పెరిగితే ఆ 4,634 మొత్తం పోతుంది. దీన్ని అక్కడివాళ్లు సబ్సిడీ కొండచరియ అంటారు. ఆ కొన మీద నిలబడ్డవాళ్లలో కొందరు గీత దాటకుండా ఆదాయాన్ని చూసుకుని సర్దుకునేవారు.

ప్రీమియం పెరిగినప్పుడు సబ్సిడీ ఉన్నవాడు కట్టేది పెద్దగా మారదు, పెరిగినదాన్ని ఖజానా మోస్తుంది. సబ్సిడీ లేనివాడు మొత్తం మోస్తాడు. అందుకే 'ప్రీమియాలు రెట్టింపయ్యాయి' అన్న మాటా, 'చేరినవాళ్లలో అధికులు కట్టేది తక్కువే' అన్న మాటా పక్కపక్కనే నిజాలుగా నిలిచాయి.

కోర్టులు, రద్దు యత్నాలు

2012 జూన్ 28న సుప్రీంకోర్టు 5-4తో జరిమానాను పన్నుగా భావించి సమర్థించింది. మెడికెయిడ్‌ను మరింత మంది పేదలకు విస్తరించాలని కూడా చట్టంలో ఉంది; అదే తీర్పు ఆ విస్తరణను రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. టెక్సస్, ఫ్లోరిడా వంటి పెద్ద రాష్ట్రాలు వద్దనుకోవడంతో అక్కడ ఒక వింత ఖాళీ ఏర్పడింది: సబ్సిడీకి కావలసినంత ఆదాయం లేని పేదకు మెడికెయిడూ రాదు, సబ్సిడీ రాదు. 2015లోనూ 2021లోనూ మరో రెండు దావాలను కోర్టు తోసిపుచ్చింది. 2017 జూలై 28 తెల్లవారుజామున సెనేట్‌లో రద్దు బిల్లు 49-51తో ఓడింది. రిపబ్లికన్ జాన్ మెకెయిన్ బొటనవేలు కిందికి చూపి 'కాదు' అన్న దృశ్యం ఆ పోరాటానికి గుర్తుగా మిగిలింది.

చట్టాన్ని కొట్టేయలేకపోయినా కాళ్లు ఒక్కొక్కటీ రంపంతో కోయవచ్చని డొనాల్డ్ ట్రంప్ ప్రభుత్వం అనుకుంది. 2017 డిసెంబరు పన్ను చట్టం జరిమానాను 2019 నుంచి సున్నా చేసింది. పీట ఒరిగిపోతుందని అందరూ ఎదురుచూశారు, ఒరగలేదు. బజారును నిలబెట్టింది జరిమానా భయం కన్నా సబ్సిడీయేనని తేలింది.

అంతకన్నా వింత వెండి పాలసీల దగ్గర జరిగింది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు వెండి పాలసీ కొంటే బీమా కంపెనీ వాళ్ల డిడక్టబుల్, అంటే బీమా చెల్లింపు మొదలయ్యేలోపు రోగి తానే భరించాల్సిన మొత్తం, తగ్గించాలి, ఆ ఖర్చు ప్రభుత్వం కంపెనీకి తిరిగి ఇవ్వాలి. 2017 అక్టోబరులో ట్రంప్ ఆ చెల్లింపులు ఆపేశారు. డిడక్టబుల్ తగ్గించాల్సిన బాధ్యత మాత్రం చట్టం ప్రకారం కంపెనీల మీదే ఉండిపోయింది. వాళ్లు ఆ భారాన్ని తీసుకెళ్లి వెండి ప్రీమియంలో కలిపేశారు. సబ్సిడీకి కొలబద్ద వెండి ధరే కదా! అది పెరగ్గానే సబ్సిడీ పెరిగింది. ఆ సబ్సిడీతో కొందరికి కంచు పాలసీ పైసా కట్టకుండా వచ్చింది, కొన్నిచోట్ల వెండి కన్నా బంగారం చవకైంది. ప్రభుత్వం ఆదా చేద్దామనుకున్న చోటే ఖజానాకు ఎక్కువ పడింది. నష్టపోయింది మళ్లీ ఆ సబ్సిడీ లేని మధ్యతరగతే.

2021 తర్వాత

2021 మార్చిలో జో బైడెన్ ప్రభుత్వం తెచ్చిన చట్టం కొండచరియను తీసేసింది: కొలబద్ద పాలసీకి ఎంత సంపాదించేవాడైనా ఆదాయంలో 8.5 శాతం మించి కట్టనక్కర్లేదు. 2022లో దీన్ని 2025 చివరిదాకా పొడిగించారు. 2021లో సుమారు 1.2 కోట్లుగా ఉన్న చేరికలు 2025 నాటికి 2.4 కోట్లకు చేరాయి. ఖర్చు తగ్గిందనేవాళ్లకు ఇది మంచి కాలం, పన్ను కట్టేవాడి వైపు నుంచి చూసేవాళ్లకు కాదు.

ఆ గడువు మీదే 2025 అక్టోబరు 1న గొడవ ముదిరింది. పొడిగింపు లేనిదే ప్రభుత్వ ఖర్చుల బిల్లుకు ఓటు వేసేది లేదని డెమొక్రాట్లు పట్టుబట్టడంతో సమాఖ్య ప్రభుత్వ కార్యాలయాలు 43 రోజులు మూతపడ్డాయి. పొడిగింపు లేకుండానే తెరుచుకున్నాయి. ఆరోగ్య విధానాలను పరిశీలించే కేఎఫ్ఎఫ్ సంస్థ అంచనా ప్రకారం సబ్సిడీ పొందేవాళ్లు ఏటా సొంతంగా కట్టే ప్రీమియం సగటున 888 డాలర్ల నుంచి 2026లో 1,904కు చేరుతుంది. కొండచరియ మళ్లీ వచ్చింది. ఒంటరి మనిషికి 2026లో అది 62,600 డాలర్ల దగ్గర.

ఉద్యోగుల లెక్క

ఇంత గొడవా జరిగింది దేశంలో కొద్ది భాగం జనం కొనే బజారు గురించి. ఉద్యోగం ద్వారా బీమా ఉన్న కుటుంబ పాలసీ సగటు ప్రీమియం 2010లో 13,770 డాలర్లు, 2024లో 25,572. అందులో ఉద్యోగి జీతంలోంచి కోసేది సుమారు 6,300. మిగతాది కంపెనీ కడుతుందని కాగితం మీద ఉంటుంది. ఆర్థికవేత్తలు మాత్రం ఆ మిగతాది కూడా పెరగాల్సిన జీతంలోంచి పోయిందే అంటారు. డిడక్టబుల్ మరో పద్దు: ఒక్కరి పాలసీకి 2024లో సగటున 1,787 డాలర్లు. బీమా ఉండి కూడా ఏడాది మొదట్లో డాక్టరు దగ్గరికి వెళ్లడానికి వెనకాడటం దీనివల్లే.

అసలు వైద్యం ధర జోలికి చట్టం గట్టిగా వెళ్లలేదు. అమెరికన్లు ఇతర సంపన్న దేశాలవాళ్ల కన్నా ఎక్కువసార్లు డాక్టరు దగ్గరికి వెళ్లరని, ఒక్కో సేవకు ఎక్కువ ధర చెల్లిస్తారని ఆర్థికవేత్త ఊవే రైన్‌హార్ట్, ఆయన సహచరులు 2003లోనే రాశారు. 2023లో ఆ దేశ ఆరోగ్య వ్యయం 4.9 లక్షల కోట్ల డాలర్లు, స్థూల దేశీయోత్పత్తిలో 17.6 శాతం. ఖరీదైన ఉద్యోగ పాలసీల మీద 40 శాతం పన్ను వేసి ధరలకు కళ్లెం వేద్దామని చట్టంలో ఒక అంశం పెట్టారు. దాన్ని వాయిదా వేస్తూ పోయి, అమలు కాకుండానే 2019 డిసెంబరులో రెండు పార్టీలూ కలిసి కొట్టేశాయి. చట్టమంతటిలో ఇరుపక్షాలూ ఇంత సులువుగా ఏకమైన చోటు అరుదు.

తెలుగు కుటుంబాలు

అమెరికాలోని తెలుగు సాఫ్ట్‌వేర్ కుటుంబాల్లో ఎక్కువమందికి బీమా ఉద్యోగం ద్వారానే వస్తుంది గనక ఈ చర్చ దూరంగా వినిపిస్తుంది. ఉద్యోగం పోయినప్పుడు దగ్గరికొస్తుంది. కోబ్రా అనే 1980ల నాటి చట్టం కింద పాత పాలసీని సాధారణంగా 18 నెలలదాకా ఉంచుకోవచ్చు. కానీ ఇన్నాళ్లూ కంపెనీ కట్టిన వాటాతో సహా మొత్తం ప్రీమియం, పైన రెండు శాతం రుసుము, తానే కట్టాలి. పాలసీ అసలు ధర ఎంతో చాలామందికి తెలిసేది ఆ ఉత్తరం వచ్చిన రోజునే.

చూడటానికి వచ్చిన అమ్మానాన్నలకు ఒబామాకేర్ వర్తించదు. సందర్శకుల బీమా కొంటారు, దానికి పాత జబ్బుల మినహాయింపులు షరా మామూలే. గ్రీన్‌కార్డు మీద వచ్చిన వృద్ధులకు మెడికేర్ వెంటనే రాదు, డబ్బు కట్టి చేరాలన్నా అయిదేళ్ల నివాసం ఉండాలి. అందుకని ఆ ఖాళీలో ఒబామాకేర్ పాలసీ కొనడం వాళ్లలో వాడుకైంది. 2025 జూలై చట్టం ప్రకారం 2027 నుంచి పౌరులు కానివాళ్లలో సబ్సిడీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ మరికొన్ని చిన్న వర్గాలకే పరిమితం. అప్పటి నుంచి హెచ్-1బి వీసా మీద ఉండి ఉద్యోగం ద్వారా బీమా దొరకనివాళ్లు పూర్తి ధరకే కొనుక్కోవాలి.