అర్ధగంట కొఱకు వ్యాజ్యము

జనవరి 25వ తేదీన స్మరింపదగిన సంగతి యొకటి కలదు. 1972వ సంవత్సరమున ఆ దినమున, న్యూయార్కు నగరములోని బ్రూక్లిన్ ప్రాంతమందలి కాంకర్డ్ బాప్టిస్టు చర్చిలో, ఒకప్పుడు పసిపిల్లలకు అక్షరములు నేర్పిన నల్లజాతి స్త్రీ యొకతె లేచి నిలిచి, డెమొక్రాటిక్ పార్టీ పక్షమున అమెరికా అధ్యక్షపదవికి పోటీ చేయుచున్నానని ప్రకటించెను. తాను నల్లజాతిదానినైనను ఆ జాతికి మాత్రమే అభ్యర్థిని కాననియు, స్త్రీనైనను స్త్రీలకు మాత్రమే అభ్యర్థిని కాననియు, సమస్త ప్రజలకును ప్రతినిధినే యనియు ఆమె ఆనాడు చెప్పెను. ఆమె పేరు షర్లీ చిజమ్. నాలుగేండ్ల కొకమారు ఆ దేశపు ఎన్నికల కోలాహలము మన పత్రికలలో సైతము పుటలు నిండించునప్పుడు, రెండు పేర్ల చప్పుడులో తక్కిన పేర్లన్నియు ఎట్లు మునిగిపోవునో తెలిసికొన దలచినవారికి ఈమె కథ కంటె మంచి సాక్ష్యము వేరొకటి లేదు.

అమెరికా గణతంత్రమునకు తొలినాళ్లలో పత్రికలు పక్షముల సొత్తుగానే నడచెను. తన పక్షమువానిని ఆకాశమున కెత్తుటయు, ఎదుటివానిని పాతాళమునకు త్రొక్కుటయు సంపాదకుని ధర్మముగా నెన్నబడెను. ఏ పక్షమునకును చెందనివానికి ఏ పత్రికయు లేకపోయెను. అందుచేతనే 1872లో అధ్యక్షపదవికి నిలిచిన విక్టోరియా వుడ్‌హల్, సోదరితో కలిసి 1870లోనే సొంత వారపత్రికను స్థాపించుకొనెను. స్త్రీలకు ఓటే లేని ఆ కాలమున ఇతర పత్రికలు ఆమెను పట్టించుకొనలేదని చెప్పరాదు; పట్టించుకొన్న విధమే దారుణము. సుప్రసిద్ధ వ్యంగ్యచిత్రకారుడు థామస్ నాస్ట్ ఆమెను కొమ్ములు గల సైతానుగా చిత్రించెను. పోలింగునాడు ఆమె తన పత్రికలో ప్రచురించిన వ్రాతల కారణముగా చెరసాలలో నుండెను. తరువాత 1920లో సోషలిస్టు నాయకుడు యూజీన్ డెబ్స్ అట్లాంటా కారాగారమునుండియే అధ్యక్షపదవికి పోటీచేసి తొమ్మిది లక్షలకు పైగా ఓట్లు పొందెను.

రేడియో వచ్చిన పిమ్మట చట్టము మేల్కొనెను. ప్రసారతరంగములు ప్రజల సొత్తు గనుక, ఒక అభ్యర్థికి ప్రసారకాల మిచ్చిన కేంద్రము ఆ పదవికే పోటీచేయు తక్కినవారికిని సమానావకాశ మీయవలెనను నియమము 1927 నాటి రేడియో చట్టమునను, 1934 నాటి కమ్యూనికేషన్స్ చట్టపు 315వ విభాగమునను చోటు చేసికొనెను. 1959లో షికాగో మేయరు ఎన్నికలలో, అంకుల్ శామ్ వేషము ధరించి తిరుగు లార్ డేలీ యనునతడు ఈ నియమమునే చేతబట్టి, టెలివిజను వార్తలలో తన ప్రత్యర్థులను చూపితిరి గనుక నాకును సమాన కాల మీయుడని ఫిర్యాదు చేయగా, ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషను అతని మాటనే నెగ్గించెను. ప్రసారసంస్థలు గగ్గోలు పెట్టెను. ఆ యేడే కాంగ్రెసు చట్టమును సవరించి వార్తలను, వార్తాసంబంధమైన సంభాషణలను, సంఘటనల ప్రత్యక్షప్రసారములను ఆ నియమము నుండి తప్పించెను. మరుసటి యేడు అధ్యక్ష ఎన్నికల మేరకు నియమమునే నిలిపివేయగా, కెనెడీ నిక్సనులు ఇరువురే 1960 సెప్టెంబరు 26వ తేదీన తెరపై నిలిచి వాదించుకొనగలిగిరి. లార్ డేలీ అభిప్రాయములు నాకు సమ్మతములు కావు. అతడు లేవనెత్తిన ప్రశ్న మాత్రము నిజమైనది.

ఇక షర్లీ చిజమ్ కథకు వత్తును. ఆమె 1924 నవంబరు 30వ తేదీన బ్రూక్లినులో జన్మించెను. తండ్రి బ్రిటిష్ గయానా నుండి వచ్చిన శ్రామికుడు. తల్లి బార్బడోస్ ద్వీపవాసిని, కుట్టుపనిచేసి సంసారమును నెట్టుకొని వచ్చినది. బాల్యములో కొన్నేండ్లు బార్బడోసులో అమ్మమ్మ యింట గడచెను. పెద్దదై చదువు ముగించి, శిశువిహారములలో పనిచేసి, 1964లో న్యూయార్కు రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యెను. 1968లో కాంగ్రెసు స్థానమునకు నిలిచినప్పుడు ఎదుటివాడు జేమ్స్ ఫార్మర్. దక్షిణ రాష్ట్రముల బస్సులలో వర్ణభేదమును ధిక్కరించిన ఉద్యమమునకు నాయకుడై దేశమంతటను పేరుమోసినవాడు. టెలివిజను కెమెరాలు అతని వెంటనే తిరిగెను. ఆమె మాత్రము ప్రచారమధ్యమున శస్త్రచికిత్స చేయించుకొని, వైద్యులు విశ్రాంతి చెప్పినను వినక, మైకు కట్టిన బండిపై బీదల యిండ్ల ముందర నిలిచి మాటలాడెను. పోర్టోరికో వారుండు వీథులలో స్పానిష్ భాషలో పలుకరించెను. కెమెరాలు చూడనిది ఓటర్లు చూచిరి. ఫార్మరుకు పడినవాటికి రెండింతలకు మించిన ఓట్లతో, అమెరికా కాంగ్రెసులో అడుగిడిన తొలి నల్లజాతి స్త్రీగా ఆమె చరిత్ర కెక్కెను. ఎవరికిని అమ్ముడుపోలేదు, ఎవరి అజమాయిషీకిని లొంగలేదను అర్థము వచ్చు చిన్న మాటయే ఆమె ఎన్నికల నినాదము.

నాలుగేండ్ల అనంతరము అధ్యక్షపోటీకి దిగినప్పుడు, మెక్‌గవర్న్, హంఫ్రీ, మస్కీ, వాలెస్ మున్నగు పురుషుల నడుమ ఆమె నల్లజాతి అభ్యర్థినిగా నుండెను. పత్రికలు ఆమె పోటీ కొక బిరుదు తగిలించెను: అది కేవలము లాంఛనప్రాయమట! ఈ మాట వినుట కెంత సౌమ్యముగా నున్నదో అంత క్రూరమైనది. గెలువదు గనుక చూపము; చూపకున్న జనమెరుగరు; జనమెరుగకున్న చందాలు రావు; చందాలు రాకున్న గెలువదు. ఈ గానుగలో ఎంతమంది యోగ్యుల శ్రమ పిప్పియై పోయెనో లెక్కింపగలవా రెవ్వరు?

ఆ మే, జూను మాసములలో, పక్షపు అభ్యర్థిని ఎంచుకొను కాలిఫోర్నియా ప్రైమరీ ఎన్నికకు ముందు, మూడు జాతీయ ప్రసారసంస్థలును తమ ఆదివారపు వార్తాసంభాషణ కార్యక్రమములను పెంచి హంఫ్రీ, మెక్‌గవర్న్ ఇరువురిని ఎదురెదురుగా కూర్చుండబెట్ట సంకల్పించెను. పోటీలో నున్న ఆమెకు పిలుపు లేదు. ఫిర్యాదు చేయగా కమిషను తోసిపుచ్చెను. ఇవి వార్తాసంభాషణములే గావున సమానావకాశ నియమము వర్తింపదని సంస్థలు వాదించెను. డేలీ నాటి సవరణము ఇట్లు చిజమ్ మెడకు చుట్టుకొనెను. ఆమె వెనుదీయక వాషింగ్టనులోని అప్పీలు న్యాయస్థానమునకు పోయెను. ప్రైమరీకి కొలది దినములే మిగిలియుండగా న్యాయస్థానము ఆమె పక్షమున ఆదేశించుటచే, ప్రైమరీ దినమైన జూను 6వ తేదీకి ముందుగా ఆమెకు అర్ధగంట ప్రసారకాలము లభించెను. ప్రత్యర్థులకు ఆహ్వానముగా వచ్చినది ఆమెకు కోర్టు ఉత్తరువుగా వచ్చినది.

ఆ వసంతముననే మఱొకటి జరిగెను. వర్ణభేదవాదిగా ప్రసిద్ధుడైన జార్జి వాలెస్ మే 15వ తేదీన తుపాకి దెబ్బతిని ఆసుపత్రి పాలుగాగా, ఆమె పోయి అతని మంచము ప్రక్కన నిలిచి పరామర్శించెను. ఆమె అనుచరులే మండిపడిరి. కాని రెండేండ్ల తరువాత ఇంటిపనివారికి కనీసవేతనము వర్తింపజేయు బిల్లుకు దక్షిణాది సభ్యుల ఓట్లు కూడగట్టుటలో వాలెస్ ఆమెకు తోడ్పడెను. అట్టి మనిషిని లాంఛనమనుట న్యాయమా? జూలైలో మయామీ బీచ్‌లో జరిగిన డెమొక్రాటిక్ పార్టీ మహాసభయందు మెక్‌గవర్న్ నెగ్గెను. షర్లీ చిజమ్ పేరిట 152 ప్రతినిధుల ఓట్లు నమోదయ్యెను.

పిమ్మటి చరిత్ర ఒక త్రోవన సాగదు. 1975లో కమిషను తన పూర్వవ్యాఖ్యను మార్చి, అన్యసంస్థలు జరుపు చర్చలను వార్తాసంఘటనములుగా చూపవచ్చు ననెను. దానిపై చిజమ్ మరల న్యాయస్థానమున కెక్కి యీసారి ఓడిపోయెను. 1980లో స్వతంత్ర అభ్యర్థియైన జాన్ ఆండర్సనును మహిళా ఓటర్ల సమాఖ్య తన చర్చకు పిలువగా, అధ్యక్షుడు కార్టరు ఆ వేదిక నెక్కుటకే నిరాకరించెను. 1987లో రెండు పెద్ద పక్షములును కలిసి చర్చల కమిషనును నెలకొల్పినవి. 1992లో స్వతంత్ర అభ్యర్థి రాస్ పెరో చర్చలలో పాల్గొని నూటికి సుమారు 19 వంతుల ఓట్లు పొందెను. 1996లో అతనినే బయట నిలిపిరి. 2000 నుండి అభిప్రాయసేకరణలలో నూటికి 15 వంతుల మద్దతున్నగాని ప్రవేశము లేదు. ఆ యేడు బోస్టను చర్చకు ప్రేక్షకునిగా టికెట్టుతో వచ్చిన గ్రీన్ పార్టీ అభ్యర్థి రాల్ఫ్ నేడరును సైతము వెనుకకు పంపిరి. 2016 మార్చి 15వ తేదీ రాత్రి డెమొక్రాటిక్ అభ్యర్థిత్వమునకు పోటీలో నున్న బెర్నీ సాండర్స్ ప్రసంగించుచుండగా, ప్రముఖ కేబుల్ వార్తాసంస్థలు ట్రంప్ ఇంకను రాని ఖాళీ వేదికను చూపుచు కూర్చుండెను. ఇప్పుడు ఎవరి ఫోనులో వారికి తెర యున్నది. కాని ఆ తెరలపై ఎవరిని ముందు చూపవలెనో నిర్ణయించునది మఱొకరు.

అందఱికిని సమానముగా కాలము పంచుట అసాధ్యమని నేనును ఒప్పుకొందును. కాని వార్తలు కల్పించిన పేరుప్రతిష్ఠలనే అభిప్రాయసేకరణలతో కొలిచి, ఆ కొలతనే మరల వార్తలకు అర్హతగా నిర్ణయించుట అన్యాయము. గెలుపునకు వలసిన 270 ఎలక్టొరల్ ఓట్లు సమకూరునన్ని రాష్ట్రముల బ్యాలెట్టు కెక్కిన ప్రతి అభ్యర్థిని ఒక్క చర్చకైనను పిలువవలెను. అమెరికా పౌరులై ఓటుహక్కు పొందిన మన తెలుగువారు ఇప్పుడు అనేకులు. వారికి నా విన్నపము: బ్యాలెట్టు చేతికి వచ్చినప్పుడు మొదటి రెండు పేర్లతో ఆగక చివరి పేరు వఱకు చదువుడు, ఆ పేరుగలవా రెవరో విచారించి తెలిసికొని పిమ్మట ఓటు వేయుడు.